వేలి మీద తొంభై తొమ్మిది

మా పెద్దమ్మ జన్మలో బీడీ ముట్టలేదు. అయినా కడప ఆసుపత్రిలో డాక్టరు ఆమెను అడిగిన మొదటి మాట, "బీడీలు తాగుతావా?" అని. ఏం పని చేసేదానివని మాత్రం అడగలేదు. అడిగుంటే చెప్పేది, ముగ్గురాయిని, అదే బెరైటీసును, పొడి చేసే మిల్లులో నడుము వంగేదాకా సంచులు నింపానని. ముక్కుకు అడ్డం ఆమెకున్నది పైటకొంగే, మిల్లువాళ్లు ఏమీ ఇవ్వలేదు. సాయంత్రం ఇల్లు చేరేసరికి కనురెప్పల వెంట్రుకలు కూడా బూడిదరంగులో ఉండేవి. ఆ రాతిలో కలిసిన స్ఫటికపు ధూళి ఏళ్ల తరబడి ఊపిరితిత్తుల్లో చేరి, వాటిని గట్టిపడేట్టు చేసింది.

నేను కర్నూలులో నర్సింగ్ విద్యార్థులకు శరీరం ఎలా పనిచేస్తుందో పాఠం చెబుతాను. ఏటా క్లాసులో అందరినీ ఊపిరి బిగబట్టమంటాను. కాసేపటికి అందరూ గబుక్కున గాలి పీలుస్తారు. ప్రాణవాయువు అయిపోయిందనుకుంటారు. నిజానికి అప్పటికి రక్తంలో అది చాలానే ఉంటుంది. బయటికి పోవాల్సిన బొగ్గుపులుసు వాయువు పేరుకుని రక్తం పులుపెక్కుతుంది. మెదడు అడుగు భాగం ఆ పులుపును పసిగట్టి, ఊపిరి తీయమని తరుముతుంది.

ఆసుపత్రి వాళ్లు పెద్దమ్మకు ఒక ఆక్సిజన్ సిలిండరు ఇచ్చి ఇంటికి పంపారని తెలిసి, ఆదివారం మధ్యాహ్నం చూడటానికి వెళ్లాను. ఆమె కొడుకు, మా అన్న, గుమ్మంలోనే ఎదురొచ్చాడు.

"అమ్మకు ఇప్పుడు శానా బాగుండాది మే. తొంభై తొమ్మిది చూపిస్తాండాది!"

పెద్దమ్మ వేలికి తగిలించిన క్లిప్పు మీద ఆ అంకె మెరుస్తోంది. ఆమె మాత్రం మత్తుగా పడి ఉంది. బుగ్గలు ఎర్రబారాయి. అరచేతులు వేడిగా ఉన్నాయి. చేతులు చాపించి పట్టుకుంటే మణికట్లు పక్షి రెక్కల్లా టపటపా కొట్టుకున్నాయి.

"పెద్దమ్మా!"

"తల పగిలిపోతాండాది పాపా" అని మళ్లీ కళ్లు మూసింది.

"ఎంత మీద పెట్టినావన్నా?"

"ఫుల్లు. ఆయాసపడతాంటే తిప్పుకుంటా పోయినా. ఆక్సిజనే కదా, ఎంతిస్తే అంత మంచిది!"

"ఎంత పెట్టాలో వాళ్లు చెప్పలేదా?"

"ఎవురు చెప్తారు? సిలిండరు బండికెత్తి పోండప్పా అన్నారు."

నా ఒళ్లు మండిపోయింది. దెబ్బతిన్న ఊపిరితిత్తులు బొగ్గుపులుసు వాయువును సరిగా బయటికి నెట్టలేవు. అలాంటివాళ్లకు ప్రాణవాయువు అతిగా ఇస్తే, పాడైన భాగాలను తప్పించి మంచి భాగాలకు రక్తాన్ని మళ్లించే ఏర్పాటు చెదిరిపోతుంది. ఊపిరి కూడా మందగించవచ్చు. బొగ్గుపులుసు వాయువు ఇంకా పేరుకుని మనిషిని మత్తులోకి లాగుతుంది. ఆ క్లిప్పు ఎర్రకణాలకెక్కిన ప్రాణవాయువును మాత్రమే చూపిస్తుంది. బయటికి పోకుండా మిగిలిపోయిన వాయువు దానికి కనపడదు.

నేను సిలిండరు మీటను కొద్దికొద్దిగా వెనక్కి తిప్పాను. అంకె తొంభై దగ్గరికి దిగింది. అన్న నా చెయ్యి పట్టుకున్నాడు.

"తగ్గిస్తే సచ్చిపోతాది మే!"

"ఇట్లే పెడితే సచ్చిపోతాది! బండి పిలువు ముందు!"

ఆసుపత్రిలో మణికట్టు దగ్గర ధమని నుంచి రక్తం తీసి పరీక్షించారు. నేను భయపడినంతా నిజమే. ముఖానికి బిగుతైన మాస్కు కట్టి, యంత్రంతో ఊపిరికి సాయం చేశారు. మర్నాడు పొద్దున పెద్దమ్మ కళ్లు తెరిచి కాఫీ అడిగింది. అన్న గోడకు తల ఆనించి ఏడ్చాడు.

నేను డాక్టరు గదికి వెళ్లాను.

"ఇంటికి పంపేటప్పుడు ఎంత పెట్టాలో ఎందుకు చెప్పలేదు?"

"చెప్పినా వీళ్లకు అర్థం కాదు మేడమ్."

"మా అన్న ట్రాక్టరు ఇంజను విప్పి మళ్లీ బిగిస్తాడు. ఒక మీట ఎక్కడ ఆపాలో ఆయనకు అర్థం కాదా?"

పెద్దమ్మ పొడి మిల్లులో పనిచేసిందని కాగితాల మీద రాసేదాకా నేనక్కడి నుంచి కదల్లేదు. రాశాడు, విసుక్కుంటూ.

ఆ కోపంతోనే మిల్లుకు వెళ్లాను. లోపలున్న ఆడవాళ్ల ముక్కులకు ఇప్పటికీ కొంగులే. మేనేజరు నవ్వాడు.

"ఎక్స్‌రేకి ముందు డాక్టర్లు కడుపులోకి తాపించే బేరియం మందు ఈ రాయితో చేసిందే కదమ్మా. ఏం కాదు."

"కడుపులోకి పోయింది బయటికి పోతుంది. ఊపిరితిత్తుల్లో పడింది ఎట్ల పోతుంది?" అన్నాను. ఆయన ఫోను చూసుకుంటూ కూర్చున్నాడు.

ఈ సంగతి తెలిసి పెద్దమ్మ నన్నే తిట్టింది. "నువ్వు అరిసి పోతావు. ఆడ నా కోడలు పన్జేస్తాండాది. దాన్ని తీసేస్తే ఎట్ల మే?"

ఆమె మీద కూడా కోపమొచ్చింది. ఆమె ఊపిరి తిన్న మిల్లే ఇప్పటికీ ఆ ఇంటికి అన్నం పెడుతోంది.

ఆ తర్వాత అన్న ఆ మీటను ఎవరినీ ముట్టనివ్వలేదు. చూడవచ్చిన చుట్టాలు "ఇంకొంచెం పెంచప్పా" అంటే కసిరేవాడు. పెద్దమ్మ మరుసటి వేసవిదాకా బతికింది. మంచం మీద కూర్చుని, మాటకూ మాటకూ మధ్య ఆగి, అందరినీ తిడుతూనే బతికింది.

కర్మాంతరం అయ్యాక వదిన మళ్లీ మిల్లుకు బయల్దేరింది. ధూళిని ఆపే మాస్కులు కొన్ని తెచ్చి ఇచ్చాను. గేటు దగ్గర మేనేజరు వెక్కిరించాడట, "కరోనా మళ్లా వచ్చిందా?" అని.

"నువ్వేమన్నావు వదినా?" అన్నాను.

"ఏమంటా? మాస్కు తీయలే" అంది.