నేను రాయని పేర్లు

మా పెద్దవాళ్ళు ఓడెక్కి కూలికొచ్చిన దీవిలో, మేము నువెల్ ఫ్రాన్స్ అనే చెరకు తోట క్యాంపులో ఉన్న రోజుల్లో, మామ్మ ప్రతి శనివారం మధ్యాహ్నం సింహాద్రి అప్పన్నకి దీపం పెట్టేది. అంతవరకు మంచినీళ్ళు కూడా ముట్టేది కాదు. దేవుడి నామాలు పాడుతూ, మధ్యలో ఒకచోట ఆగి మనుషుల పేర్లు చెప్పేది. పేరుకో బియ్యపు గింజ దీపం ముందు పెట్టేది. చిన్నప్పట్నుంచి వింటున్నా, వాళ్ళెవరని నేనెప్పుడూ అడగలేదు. ఆకలేస్తుంటే ఆ పేర్లు ఎప్పుడవుతాయా అని మాత్రం చూసేవాణ్ణి.

ఇరవై ఏళ్ళొచ్చాక, ఆదివారాలు రోజ్ హిల్ పట్నం వెళ్ళి ఒక భజన గురువు దగ్గర తెలుగు రాయడం నేర్చుకున్నాను. నాలుగు ముక్కలు వచ్చేసరికి కళ్ళు నెత్తికెక్కాయి. మామ్మ పూజనంతా శుద్ధి చేసి పుస్తకంలోకి ఎక్కిద్దామని బయల్దేరాను.

ఆమె చెబుతుంటే నామాలన్నీ రాశాను. పేర్ల దగ్గరికి వచ్చేసరికి కలం పక్కన పెట్టేశాను. దేవుడి నామాల మధ్య కూలీల పేర్లేమిటని చిరాకు. అలా వదిలెయ్యమని గురువుగారు చెప్పలేదు. ఆ తెలివి పూర్తిగా నాదే.

"పేర్లు కూడా రాసీసినావా, నాయనా?" అని అడిగింది. ఆమెకి చదువు రాదు.

"రాశాను మామ్మా."

"బోం," అంది ఆ దీవి క్రియోల్ భాషలో, హమ్మయ్య అన్నట్టు. "ఇంక నాను మరిసిపోయినా పరవాలేదు. ఓడలో పోయినోళ్ళని సముద్రంలో పడేసినారు. ఈ తోటలో జొరాలతో పోయినోళ్ళకి కొరివి పెట్టడానికి ఎవులూ లేరు. మీ నాన్న పుట్టకముందు పోయిన నా పిల్లలిద్దరూ ఆళ్ళలోనే ఉన్నారు. ఇన్నాళ్ళూ అందరూ నా నోట్లోనే ఉన్నారు. ఇప్పుడు నీ పుస్తకంలోకి ఒచ్చీసినారు."

నిజం చెప్పడానికి ముఖం చెల్లలేదు. వచ్చే శనివారం ఆమె పాడేటప్పుడు గుట్టుగా రాసేసుకుందాంలే అనుకున్నాను.

గురువారం ఆమెకి జ్వరం వచ్చింది. శనివారానికి మాట పడిపోయింది. దీపం నేనే పెట్టాను. పుస్తకం చదవమని సైగ చేసి, గుప్పెట్లో బియ్యం పట్టుకుంది.

నామాలు చదివాను. ఆ చోటు వచ్చింది. నాకు గుర్తున్న పేర్లు నాలుగే. నాలుగు గింజలు పెట్టి, ఇంకా అన్నట్టు చూసింది. నోటికొచ్చిన పేర్లు అల్లడం మొదలుపెట్టాను. ఆమె నమ్మి, గింజ తర్వాత గింజ పెడుతూనే ఉంది. తడబాటులో మా పక్కింటాయన పేరు చెప్పేశాను. ఆయన అప్పుడు మా గుమ్మంలోనే కూర్చుని ఉన్నాడు.

మామ్మ నావైపు చూసింది. తిట్టినా, మొహాన ఉమ్మినా బాగుండేది. మెల్లగా గుప్పిట మూసేసింది. మర్నాడు ప్రాణం పోయేదాకా తెరవలేదు. చితి మీద కూడా ఆ బియ్యం ఆమె చేతిలోనే ఉంది.

నాన్నని అడిగాను. తనకన్నా ముందు పుట్టి పోయిన ఆ ఇద్దరి పేర్లు తనకూ తెలీవన్నాడు. అమ్మ పూజలో చెబుతుందిగా అని ఎప్పుడూ అడగలేదట.

ఇప్పుడు శనివారాలు నేనే ఉపవాసం ఉంటున్నాను. ఆ చోట ఆగి నాలుగు గింజలు పెడతాను, మామ్మకి ఇంకొకటి. ఆమె పిల్లలు ఆ నలుగురిలో ఉన్నారో లేదో నాకు తెలియదు.