అంకుల్ అతికిన బంగారం

అంకుల్ పోయారని పోయిన నెల ఓరోజు పొద్దున్నే వాళ్ళమ్మాయి ఫోన్ చేసింది. క్రైస్ట్‌చర్చ్‌లో పాత సామాన్లు బాగుచేసే వర్క్‌షాపులో ఏడేళ్ళు ఆయన పక్క బల్ల నాది. స్టూడెంట్ వీసా మీద వచ్చి, చదివిన చదువుకి ఉద్యోగం దొరక్క తిరుగుతున్న నన్ను తీసుకెళ్ళి అక్కడ కూర్చోబెట్టింది ఆయనే. నాలుగు మంచి మాటలు రాద్దామనే కూర్చున్నాను. కానీ ఒళ్ళు మండుతోంది, మీరే ఓర్చుకోవాలి.

మన దేశంలో అంకుల్ దేవుడి వాహనాలకి బంగారు రేకు అతికేవారు. కూతురి దగ్గరికి వచ్చాక, ఇక్కడ గొర్రెల మందలతో గొప్పవాళ్ళయిన దొరల బంగళాల్లోని ఫైర్ స్క్రీన్లకి అతికారు. చలిమంట ముందు కూర్చునే దొరసానుల మొహాలు కమిలిపోకుండా అడ్డుపెట్టే తెర అది. చెక్కిన చట్రానికి బంగారం, మధ్యలో పట్టుదారపు కుట్టు. ఇంగ్లండు నుంచి ఓడల్లో తెప్పించుకున్నారు.

"వేడి కావాలి, సెగ తగలకూడదు. గొప్పిళ్ళ సంగతి ఇంతే అమ్మాయ్" అనేవారు.

బొగ్గులు మోసి మంట ఎగదోసే పనిమనిషికి ఏ తెరా లేదు. నాకు మొదటిరోజే ఆ వస్తువంటే అసహ్యం పుట్టింది. ఆయనకి పుట్టలేదు. చెక్కినవాడూ కుట్టినామే దొరలు కాదు కదా అనేవారు.

రేకు ఎత్తే కుంచెని ముందు చెంపకి రాసుకునేవారు, ఆ కాస్త జిడ్డుకి రేకు అంటుకుంటుందని. ఊపిరి బిగబట్టి దించేవారు. ఆ సమయంలో నేను దగ్గితే సాయంత్రం దాకా మాటల్లేవు. మధ్యాహ్నం మాత్రం తన డబ్బాలో పెరుగన్నం, మాగాయ సగం నాకు పెట్టేవారు, కోపం ఉన్నా సరే.

ఆయన చివరి పని ఒక పెద్ద బంగళా స్క్రీన్. చట్రమంతా కొత్త రేకు అతికి, పై అంచున జానెడు మేర వదిలేశారు. తరతరాల పనివాళ్ళు పట్టుకుని జరిపిన చోట బంగారం అరిగి, అడుగున ఎర్రమట్టి పూత బయటపడింది.

"ఇంటివాళ్ళ బొమ్మలు గోడల నిండా ఉన్నాయి. వీళ్ళ గుర్తు ఇదొక్కటే. నేను చెరపను" అన్నారు.

ఆ బంగళా ఇప్పుడు పెళ్ళిళ్ళకి అద్దెకిస్తున్నారు. అంకుల్ హాస్పిటల్లో ఉండగా ఓనర్ నాకు ఫోన్ చేశాడు. ఆ మచ్చ ఫొటోల్లో బాగోలేదు, ఏమైనా పూయొచ్చా అన్నాడు. నేను డ్రైవ్ చేస్తున్నాను. మీ ఇష్టం అని పెట్టేశాను.

అంత్యక్రియలయ్యాక ఆయన పని ఒకసారి చూద్దామని వెళ్ళాను. డబ్బాల్లో దొరికే బంగారు రంగు స్ప్రే కొట్టేశాడు, మచ్చకి కాదు, మొత్తానికి. సామెత తిరగబడింది, పైన లొటారం లోన పటారం. షామియానా కింద పెళ్ళి కుర్చీలా తళతళలాడుతోంది. కొత్తదానిలా లేదూ అని ఓనర్ మురిసిపోయాడు. అతని మీద అసహ్యం ఎంతో, నా మీద అంతకు రెట్టింపు.

బతిమాలి వర్క్‌షాపుకి తెచ్చుకున్నాను. దూదిని రంగు కరిగించే మందులో తడిపి, ఓ మూల మెల్లగా అద్దాను. ఇత్తడి రంగు వచ్చింది. మరో దూదికీ అదే వచ్చింది. మూడోదానికి ఆ మురికి మధ్య సన్నగా వేరే మెరుపు కనిపించింది. అది అంకుల్ అతికిన రేకు, రంగుతో పాటే ఊడొచ్చేసింది. చెత్తబుట్ట కాలి దగ్గరే ఉంది. ఆ దూది అందులో వెయ్యలేక, వేళ్ళ మధ్య పట్టుకుని అలాగే నిలబడిపోయాను.