అత్త మోకాలు, నా ఐరన్ మాత్రలు

రాజాంలో ఎక్కడ రక్తదాన శిబిరం పెట్టినా ముందు వరసలో నేనుంటాను. కాలేజీలో పాఠం చెప్పడం కన్నా అక్కడ మంచం మీద చెయ్యి చాపి పడుకోవడమే నాకు సులువు. పైగా నాది దొరకని నెగెటివ్ గ్రూపు. అందుకని అందరూ మర్యాద చేస్తారు. ఆ మర్యాద నాకు ఇష్టం, దాచుకోవడం దేనికి?

మా అత్తదీ అదే గ్రూపని ఆవిడ మోకాలి ఆపరేషన్ కుదిరినప్పుడే తెలిసింది. గజపతినగరం దగ్గర పొలం గట్ల మీద నాకన్నా వేగంగా నడిచిన మనిషి, ఇప్పుడు వాకిట్లోకి రావాలన్నా ఎవరినో ఒకరిని పిలవాలి. అలా పిలవడం ఆవిడకి మహా చిన్నతనం. ఆ గ్రూపు రక్తం సిద్ధంగా ఉంటేగానీ ఆపరేషన్ చెయ్యనన్నాడు డాక్టరు. "అదెంత పని? ఇంట్లోనే ఉంది" అని గొప్పగా రక్తనిధికి వెళ్లాను.

వేలు గుచ్చి చూసి వెనక్కి పంపేశారు. హిమోగ్లోబిన్ చాలదట. ఇచ్చుకుంటూ పోయానేగానీ, పోయిన ఐరన్ ఒంట్లో మళ్లీ నిండాలన్న ధ్యాసే లేదు నాకు. మాత్రలు రాసి రెండు నెలలాగి రమ్మన్నారు. ఆపరేషనూ అప్పటికి వాయిదా పడింది.

ఆ రోజు నుంచి నా ఒళ్లు అత్త చేతిలోకి పోయింది. "మాత్తర్లొక్కటే సాలవే. సోడి అంబలుండాల. రగతం బాగా పడతాది" అని తేల్చేసింది. పొద్దున్నే గోడ పట్టుకుని పొయ్యి దగ్గరికి వెళ్లి, తనే చోడి అంబలి, అంటే రాగి జావ, కాచి, మజ్జిగ కలిపి, మాత్రతో సహా చేతికిచ్చేది. వెనకే చిక్కటి టీ. విరేచనం నల్లగా అవుతోందని చెబితే, "సెడు రగతం పోతన్నాది" అని సంతోషపడింది. "కోడలి రగతం తాగీసే అత్తల్ని సూసినాం గానీ, ఇలాటి అత్తని నిన్నే సూస్తన్నాం" అని పక్కింటావిడ ఒకటే నవ్వు.

గడువు అయ్యాక వెళితే అంకె దాదాపు అక్కడే ఉంది. మాత్రలు నకిలీవని రక్తనిధి డాక్టరమ్మ మీద ఎగిరాను. ఆవిడ తాపీగా, "దేంతో మింగుతున్నారు?" అంది. చెప్పాను. నవ్వేసింది. అంబలి మంచిదేనట, కానీ మాత్రతో కలిపి కాదట. చోడిపిండి, మజ్జిగ, టీ, ఏవీ ఐరన్‌ని ఒంటికి సరిగా పట్టనివ్వవట. పరగడుపున నిమ్మకాయ నీళ్లతో మాత్ర వేసుకుని, రెండు గంటలాగి ఏదైనా తాగమంది.

ఇంటికొచ్చి ఆ మాట చెప్పాను. అత్త మోకాలు నిమురుకుంది.

"అయితే నా కాలికి నానే అడ్డం పడ్డానేటే?"

నాకు ఏడుపొచ్చింది. మర్నాటికి ఇంట్లో టీపొడి డబ్బా మాయం. ఏ మాత్రా వేసుకోని మా ఆయనకి కూడా టీ లేదు.

ఇంకో రెండు నెలలాగి వెళితే, ఈసారి అంకె ఎక్కింది. రక్తం ఇచ్చాను, ఆపరేషన్ బాగా జరిగింది. తీరా చూస్తే అత్తకి ఆ రక్తం అవసరమే పడలేదు. అదే సాయంత్రం, అదే ఆసుపత్రిలో, సముద్రం ఒడ్డు నుంచి పురిటికొచ్చిన చేపలమ్మే అమ్మాయికి ఆ గ్రూపు కావాల్సొచ్చింది. డాక్టరు నన్నడిగాడు. అత్త ఇంకా మత్తులో ఉంది. ఇచ్చెయ్యమన్నాను.

మర్నాడు అత్తకి చెప్పడానికి భయమేసింది. ఇన్నాళ్లూ ఆ ఒక్క సంచీ కోసమే కదా ఎదురుచూసింది!

"అయితే నాకు సుక్కైనా ఎక్కించలేదేటి?"

"లేదత్తా."

"ఆ పిల్ల బాగున్నాదా?"

"తల్లీబిడ్డా బాగున్నారు."



ఆ తర్వాతి రోజు నర్సు వాకర్ తెచ్చి, తలుపుదాకా నడవమంది. అత్త తలుపు దాటేసింది. నన్ను పిలవలేదు. పళ్లు బిగించుకుని వరండా చివరిదాకా వెళ్లి, పురిటివాళ్ల గది ముందు ఆగింది. లోపల ఆ అమ్మాయి, ఒళ్లో బిడ్డ. ఒక చేతిలో ఐరన్ మాత్ర, ఇంకో చేతిలో వేడి టీ.

"ఒలే, ఆ టీ పక్కన పెట్టీ" అంది అత్త గుమ్మంలోంచే. "నీ ఒంట్లోది నా కోడలి రగతమే, పాడుసెయ్యకు. నిమ్మకాయ నీల్లు తెప్పిస్తాను, ఉండు."