ఎడమ పక్క నుంచి వచ్చిన ట్రాక్టరు

నిన్న కడపలో పెట్రోలు బంకు దగ్గర ఒక ముసలాయన పాత మోపెడ్ ట్యాంకులో ఆయిలు పోసి, బండిని అటూ ఇటూ ఊపి కలుపుతున్నాడు. ఆ వాసన తగలగానే నా మనసు లెక్క మొదలుపెట్టింది. బండి ఎడమ అద్దం. రెండు కిలోల టమాటాల్లో సగానికి పైగా. నా కుడి కాలి చెప్పు. ఇంటి యజమాని మద్దిలేటప్ప జేబులోని కళ్ళజోడు. నా మోకాలి మీద అరచేయంత చర్మం. ఒక ఆదివారం డోన్ దగ్గర, రోడ్డు పక్క కంపచెట్లలో పడి మేమిద్దరం పోగొట్టుకున్నవి ఇవి. వీటికి ఇంకొకటి కలపాలి. ఆ రాత్రి నుంచి మద్దిలేటప్ప నాతో మాట్లాడటం మానేశాడు. దాన్ని ఏ వరుసలో రాయాలో ఇప్పటికీ తెలియదు.

నాది మహారాష్ట్రలో లాతూరు పక్కన పల్లె. చదువు ఏడో తరగతితో ఆగింది. చదరపు అడుగుల లెక్క మాత్రం రాళ్ళ మీదే సొంతంగా నేర్చుకున్నాను. నాపబండ పొడవూ వెడల్పూ చెబితే కాగితం లేకుండా అంకె చెప్పగలను. డోన్‌లో బండల పాలిష్ ఫ్యాక్టరీకి కొలతల పని మీద వచ్చేసరికి నాకు నలభై నాలుగేళ్ళు. తెలుగు ఒక్క ముక్క రాదు. నేను మరాఠీలో గొణుక్కుంటూ లెక్కవేసి అంకె చెబితే లోడింగు కూలీలు నా నోటి వంక అనుమానంగా చూసేవాళ్ళు. వాళ్ళ కూలి ఆ అంకె మీదే ఆధారపడి ఉండేది. వాళ్ళకు వినబడేలా, వాళ్ళ మాటల్లోనే లెక్కపెట్టాలని నాకు త్వరగానే తెలిసివచ్చింది.

నేను అద్దెకు దిగిన మిద్దె గది కింద ఇంటివాళ్ళు సుంకమ్మ, మద్దిలేటప్ప. ఇద్దరూ ఉద్యోగాలు చేసి రిటైరైనవాళ్ళు. ఆమె పల్లెల్లో ఏకోపాధ్యాయ బడుల్లో టీచరు. ఆయన గూడ్సు బండి గార్డు. తెలుగు నేర్పమని అడిగితే సుంకమ్మ పలక వద్దంది, పుస్తకమూ వద్దంది. "ఈ ఇంట్లో పొద్దున్నుంచి ఏం జరిగిందో రాత్రికి నాకు చెప్పు. నీ కండ్లతో చూసింది మాత్రమే. విన్నది వద్దు, అనుకున్నది వద్దు," అంది. అలా వాళ్ళ రోజులే నాకు వాచకం అయ్యాయి. మద్దిలేటప్ప మోపెడ్ తుడవడం, బొరుగుల ఉగ్గానిలో ఉప్పు ఎక్కువైందని ఆయన, కాలేదని ఆమె వాదించుకోవడం, దూరంగా పోయే గూడ్సు బండి చప్పుడు విని అది లోడుతో పోతోందో ఖాళీగా పోతోందో ఆయన చెప్పడం, అన్నీ చిన్న చిన్న వాక్యాలుగా అప్పజెప్పేవాణ్ణి. నా ఫోన్లో అదంతా రికార్డు చేసుకుని, మర్నాడు ఫ్యాక్టరీకి నడుస్తూ నా తప్పులూ ఆమె దిద్దుబాట్లూ వినేవాణ్ణి.

వచ్చిన కొత్తలో ఒక రాత్రి ఇలా చెప్పాను. "అప్ప ఉగ్గాని తిన్నాడు. బజ్జీలు తిన్నాడు. నాలుగు."

ఆయనకు షుగరు ఉంది. సుంకమ్మ చేతిలోని చాట కింద పెట్టింది. "ఎన్ని?"

"నాలుగు. పెద్దవి."

"ఈయప్పకు నాలుగనే అంకె యాల నేర్పిస్తివి మ్మే?" మద్దిలేటప్ప కుర్చీలో ఎగిరిపడ్డాడు. "ఒకటి, శానా. ఈ రెండూ చాలవా? నువ్వు ఇంట్లోకి అద్దెకు మనిషిని తెచ్చినావా, పోలీసును తెచ్చినావా?"

"ఆయప్పకు అబద్ధం చెప్పేంత తెలుగు ఇంగా రాలేదులే," అంది ఆమె నవ్వకుండా.

"అది వచ్చేలోపల నన్ను పస్తులు పెడ్తావు."

ఆ మాటకు ముగ్గురం నవ్వాం. ఆమె అన్నది నిజమే. అబద్ధానికి చాలా మాటలు కావాలి. ముందు ఒకటి, దాన్ని కాపాడటానికి ఇంకొన్ని. నా దగ్గర అన్ని లేవు.

ప్రతి సోమవారం వాళ్ళిద్దరూ మోపెడ్ మీద ఒక పల్లెకు పోయేవాళ్ళు. అక్కడ సుంకమ్మ చెల్లెలు చాలా కాలంగా మంచంలో ఉంది. వారానికొకసారి ఆమె తలకు నూనె పెట్టి, నీళ్ళు పోసి, జడ వేసి వచ్చేది సుంకమ్మ. ఆ పల్లెకు బస్సు లేదు. కొంత దూరం లారీలు తిరిగే హైవే మీద పోయి, తర్వాత మట్టిరోడ్డులోకి తిరగాలి. ఆ రోజు మద్దిలేటప్ప తెల్లచొక్కా వేసుకునేవాడు. ఆమె వెనక కూర్చుని ఆయన భుజం మీద చేయి వేసి, "పోనియ్యి," అనేది.

ఆ ఆదివారం సంతకు నన్ను వెనక కూర్చోబెట్టుకుని పోయాడు. తిరిగి వస్తుంటే ఎడమ పక్క సందు రోడ్డు నుంచి ట్రాక్టరు వచ్చింది. ఎర్రది, ట్రాలీ నిండా బండలు. నేను దాన్ని చాలాసేపటి నుంచే చూస్తున్నాను. ఆయనా చూశాడనుకున్నాను. ఆయన వేగం తగ్గించలేదు. నేను అరిచాను. ట్రాక్టరువాడు కూడా అరిచాడు. ఆఖరి క్షణంలో హ్యాండిలు తిప్పడం వల్ల దాని కింద పడకుండా కంపచెట్లలో పడ్డాం.

"యాడ్నుంచి వచ్చె అది?" ముళ్ళలోంచి లేస్తూ అడిగాడు.

"ఎడమ."

"ఎడమ పక్క ఏమీ లేకపాయె గదా!"

ఆయన ఎడమ పక్కకు జరిగి మూడు వేళ్ళు ఎత్తి పట్టుకున్నాను. "ఎన్ని?" ఆయన మెడ తిప్పబోయాడు. వద్దన్నాను. తల కదలకుండా అలాగే నిలబడ్డాడు.

"నీ లెక్కలు నా దగ్గర వద్దు దత్తప్పా," అన్నాడు చివరికి. నా పేరు దత్తాత్రేయ. డోన్ నన్ను దత్తప్పను చేసింది.

తర్వాత, దొరికిన టమాటాలు ఏరి సంచిలో వేస్తూ ఆయనే చెప్పాడు. ఎండాకాలం నుంచి ఆ కంటికి మంచు పట్టినట్టు ఉండేదట. ఇప్పుడు అదీ లేదట, మొత్తం చీకటేనట. "ముప్పై ఏండ్లు నా కండ్లకు పరీక్షలు పెట్టిరి. ఒక్కసారి కూడా తప్పలే."

"అమ్మకు?"

"చెప్పలే. నువ్వూ చెప్పొద్దు. ఈ పొద్దు పాఠంలో ఈ ముక్క వద్దు."

"రేపు సోమవారం," అన్నాను.

"తెలుసు. అందుకే చెప్తాండా. తెలిసిందంటే ఇంగ నా ఎనక కూర్చోదు. పెండ్లయినప్పట్నుంచీ నా ఎనకాలే కూర్చున్యాది. మొదట సైకిలు, ఆనక ఈ బండి." సంచి మూతి బిగించి నా ముఖం వంక చూశాడు. అంత బతిమాలే చూపు ఆయన దగ్గర అంతకు ముందు నేను చూడలేదు.

ఇంట్లో ఆయనే ముందుగా చెప్పాడు, కంకర మీద బండి జారిందని. సుంకమ్మ నా మోకాలికి పసుపు పెట్టి గుడ్డ కట్టింది. అన్నం తిన్నాం. ఆమె చాప మీద కూర్చుని, నా ఫోను నా ముందుకు జరిపింది. "మొదలుపెట్టప్పా."

"అప్ప బండి నడిపినాడు."

"ఊఁ."

"నేను వెనక కూర్చున్నాను. టమాటాలు కొన్నాం. రెండు కిలోలు."

"ఊఁ."

"బండి పడింది."

అక్కడ ఆపేయవచ్చు. చెప్పినవన్నీ నిజాలే. మద్దిలేటప్ప తల వంచుకుని, తన కుర్చీలో, మోచేతి గాయం చూసుకుంటున్నాడు. రేపటి దారి నా కళ్ళ ముందు కదిలింది. హైవేకు ఎడమ నుంచి వచ్చి కలిసే రోడ్లు నాలుగు. వాటిల్లో ఒకటి క్వారీది. ఆ రోడ్డు మీద ట్రైలర్లు ఆగవు.

"కంకర ఉన్న్యాదా ఆడ?" అంది సుంకమ్మ.

అది పాఠంలో ప్రశ్న మాత్రమే. వాక్యం పెంచడానికి రోజూ అలాంటివి అడిగేది.

"కంకర లేదు," అన్నాను. "ఎడమ పక్క నుంచి ట్రాక్టరు వచ్చింది. అప్ప..." చూడలేదు అంటే ఏమరుపాటు అవుతుంది. అది ఆయన మీద నింద. కావలసిన మాట నా దగ్గర లేదు. అరచేత్తో నా ఎడమ కన్ను మూసుకున్నాను.

దూరంగా గూడ్సు బండి పోయింది. లోడో ఖాళీయో ఆయన చెప్పలేదు. సుంకమ్మ చప్పుడు కాకుండా లేచింది. పోయి ఆయన ఎడమ పక్కన, చేయి చాపితే తగిలేంత దూరంలో నిలబడింది. ఊపిరి కూడా గట్టిగా తీయలేదు. కాసేపటికి మద్దిలేటప్ప తలెత్తాడు. ఎదురుగా ఖాళీ చాప చూశాడు.

"యాడికి పోతివి మ్మే?"

"ఈడే ఉండా," అంది ఆమె, ఆయన చెవి పక్క నుంచి.

ఆయన ఉలిక్కిపడ్డాడు. ఆమె ఏడవలేదు, అరవలేదు. పైటకొంగు నోటికి అడ్డం పెట్టుకుని లోపలికి పోయింది. ఆయన లేచి నా వైపు తిరిగి, "అయిపాయె గదా నీ పాఠం," అన్నాడు. అంతే.

మర్నాడు పొద్దున మెట్ల మీద నిలబడిపోయాను. ఆయన తెల్లచొక్కా వేసుకుని, గేటు ముందు బండి స్టార్టు చేసి కూర్చున్నాడు. ఆమె నూనె సీసా, తువ్వాలు ఉన్న సంచి పట్టుకుని బయటికి వచ్చింది.

"దిగయ్యా."

"కూర్చో."

"దిగు. కర్నూలు పోదాం, కండ్ల డాక్టరు దగ్గరికి."

"రేపు పోదాం. ఈ పొద్దు సోమవారం. కూర్చో."

ఇంజను ఆడుతోంది. ఆయన వెనక్కి తిరిగి చూడలేదు. వెనక సీటు మీద బరువు పడుతుందా లేదా అని మాత్రమే ఎదురుచూస్తున్నాడు. నాకు కూడా, కూర్చుంటే బాగుండునని ఒక క్షణం, కూర్చోకూడదని ఒక క్షణం అనిపించింది. ఆమె సంచి చంకకు తగిలించుకుని, బండి పక్క నుంచి నడుచుకుంటూ రోడ్డెక్కి, కనబడిన ఆటోను ఆపింది. ఆటో మలుపు తిరిగింది. ఆయన చాలాసేపు ఇంజను ఆపలేదు.

మరునాడు కర్నూలు పోయారు. నీటికాసులు, అంటే గ్లకోమా అన్నాడు డాక్టరు. ఎడమ కన్ను పోయినట్టే, ఇక రాదు. కుడి కంట్లోనూ మొదలైంది. రోజూ చుక్కలు వేసుకుంటే దాన్ని నిలబెట్టుకోవచ్చు. ఇంకొన్నాళ్ళు ఆలస్యమైతే అదీ దక్కేది కాదన్నాడట. ఈ సంగతి నాకు ఆమె చెప్పింది. ఆయన నాతో మాట్లాడటం లేదు. "అప్పా" అని పిలిస్తే కరివేపాకు చెట్టు వంక చూసేవాడు. పాఠం మొదలయ్యే వేళకు కుర్చీ తీసుకుని పెరట్లోకి పోయేవాడు.

"నేను తప్పు చేసినానా అమ్మా?" అని అడిగాను ఒక రాత్రి.

"చూసింది చెప్తివి. దానికి బాధపడే మాటలు మాత్రం నేను నేర్పియ్యను," అంది. "ఆ పని వదిలేసి, రేపట్నుంచి నాకు బండి నేర్పు."

ఆమెకు అరవై నాలుగేళ్ళు. రైల్వే గ్రౌండులో నేను వెనక పట్టుకుని పరిగెత్తేవాణ్ణి. రెండుసార్లు పడింది. మూడోసారి పడబోతుంటే గోడ అవతల నుంచి కేక వినిపించింది. "రెండు బ్రేకులూ ఒకేసారి అట్ల పీకొద్దు మ్మే!" మద్దిలేటప్ప అక్కడ ఎప్పటి నుంచి నిలబడి చూస్తున్నాడో తెలియదు. కేక వేసి, వెంటనే తిరిగి వెళ్ళిపోయాడు.

తర్వాత వచ్చిన ఒక సోమవారం ఆమె ముందు సీటులో కూర్చుని గేటు దగ్గర బండి ఆపింది. ఆయన చేతులు కట్టుకుని నిలబడ్డాడు. "నేను ఎనక కూర్చునేదా? వీధి వీధంతా చూస్తాది."

"చూడనీ. ముప్పై ఏండ్లు బండి ఎనకాల కూర్చోనే గదా జీతం తీసుకుంటివి. ముందర తోలేది ఎవురని ఒక్క దినమన్నా అడిగితివా? ఇప్పుడు తోలేది నీ పెండ్లామే. ఎక్కు."

మద్దిలేటప్ప లోపలికి పోయాడు. ఇక రాడనుకున్నాను. ఆమె చేతులు హ్యాండిలు మీద బిగుసుకున్నాయి. ఆయన తెల్లచొక్కా గుండీలు పెట్టుకుంటూ బయటికి వచ్చి, వెనక ఎక్కి, ఆమె భుజం మీద చేయి వేశాడు.

"పోనియ్యి," అన్నాడు.

రెండేళ్ళ తర్వాత ఆ ఫ్యాక్టరీ మూతబడి, నాకు కడపలో పని దొరికింది. డోన్ స్టేషనుకు ఇద్దరూ వచ్చారు. ఆమె నాకు ఊరుబిండి పచ్చడి పొట్లం ఇచ్చింది. బండి కదలబోతుండగా మద్దిలేటప్ప కిటికీ దగ్గరకు వచ్చాడు.

"ఏమప్పా," అన్నాడు. "ఆ దినం నుంచి నిన్ను ఒక తిట్టు తిట్టల్లని పెట్టుకోనుండా. శానా బాగా వచ్చింది అది. ఈడ ఇంతమందిలో వద్దు. మళ్ళా ఇంటికి రా, అప్పుడు తిడ్తా."

వస్తానన్నాను. కొత్త పని, సెలవులు తక్కువ. ఆ వానాకాలం ఆయన నిద్రలోనే పోయాడు. కుడి కన్ను చివరి వరకూ బాగానే కనిపించిందని, పోయే ముందు రోజు కూడా వెనక కూర్చుని లారీలు లెక్కపెట్టాడని సుంకమ్మ చెప్పింది.

నేను కడపలో కొలతలు తెలుగులోనే గట్టిగా లెక్కపెడతాను. కొత్త కూలీలు నా నోటి వంక చూడటం లేదు. తక్కువ వచ్చినప్పుడు తక్కువ అనే చెబుతాను, వినేవాడి ముఖం ఎలా ఉన్నా. ఆ పని నాకు ఆ ఇంట్లోనే అబ్బింది. వాళ్ళ మాటలున్న రికార్డులు ఒక ఫోన్లోంచి ఇంకో ఫోన్లోకి ఎక్కించుకుంటూ వస్తున్నాను.

ఆయన పోయిన తర్వాత పరామర్శకు పోయినప్పుడు సుంకమ్మను అడిగాను, "నన్ను ఏమని తిట్టాలనుకున్నాడో మీకేమైనా చెప్పినాడా అమ్మా?"

"నాకెందుకు చెప్తాడప్పా? అది నీది," అంది.

నాకు తెలిసిన పద్దులన్నీ ఏదో ఒకనాటికి తీరాయి. ఇది తీరదు. నాకు రావలసినది ఒక తిట్టు.