బూట్లకు వేళ్లున్న సిపాయి

ప్రతి డిసెంబరు పదహారో తేదీ పొద్దున మా చిన్నాయన నంద్యాల బస్టాండు ఎదురు హోటల్లో రెండు ప్లేట్లు బొరుగుల ఉగ్గాని, బజ్జి చెప్పేవాడు. ఒకటి తనకు. రెండోది డెబ్బై ఒకటి యుద్ధంలో తన పక్కనే ఉండి తిరిగి రాని సావాసగాడికి. గోస్పాడు పక్క పల్లె మనిషి ఆయన. యుద్ధం గెలిచి ఊరు చేరగానే ఈ హోటల్లోనే కడుపు పగిలేదాకా ఉగ్గాని తినాలని ఇద్దరూ ఏదో బురద గుంటలో కూర్చుని ఒట్టేసుకున్నారట. డిసెంబరు పదహారున గెలిచారు. గెలిచేనాటికి ఒకడే మిగిలాడు. అందుకని మా చిన్నాయన ముందు తన ప్లేటు తిని, తర్వాత రెండో ప్లేటు దగ్గరికి లాక్కుని సావాసగాడి తరఫున తినేవాడు. ఆ రెండో ప్లేటులో బజ్జి ఎప్పుడూ కారంగానే తగిలేదేమో, ఆయన కళ్లలోంచి కారే నీళ్లను కె.సి. కాలువలోకి మళ్లిస్తే గోస్పాడు దాకా ఒక పంట పండేది.

ఉగ్గాని అయ్యాక ఇంటికొచ్చి, అరుగు మీద కూర్చుని యుద్ధం కథ చెప్పేవాడు. నా చిన్నప్పుడు ఆ కథకు వీధి వీధంతా వచ్చేది. అరుగులు నిండి, ప్రహరీలు నిండి, మిగిలినవాళ్లు వేపచెట్టెక్కితే ఆ ఏడు చెట్టుకు ఆకు అనేది కనిపించలేదు. మొదట్లో కథలో ఒకే ఒక్క ట్యాంకు ఉండేది. ఏటేటా ఒక్కోటి చేరి, నేను కాలేజీకి వచ్చేసరికి ఆసియా ఖండంలో ఉన్న ట్యాంకులన్నీ మా చిన్నాయన మీదికే వచ్చేవి. మా ఇంట్లో గొప్ప చెప్పడం అబద్ధం కిందికి రాదు, ముద్దలో నెయ్యి వేసుకోవడం కిందికి వస్తుంది. విచిత్రమేమంటే, ట్యాంకులు పెరిగేకొద్దీ జనం తగ్గారు. ముందు వయసు పిల్లలు సినిమాలకు పోయారు, తర్వాత వాళ్ల నాయనలు టీవీల ముందుకు పోయారు. తొంభైల దశకంలో అడుగుపెట్టేసరికి శ్రోతలం ఇద్దరం మిగిలాం, నేనూ పక్కింటి బర్రె. బర్రెను తాడుతో కట్టేసేవాళ్లు. నన్ను మా చిన్నమ్మ టీతో కట్టేసేది.

ఒక ఏడు ఎదురింటి పిల్ల బంతి కోసం వచ్చి, ఆగి కథ విన్నది. మా చిన్నాయన ఆనందం పట్టలేక అదనంగా ఇంకో పటాలాన్ని దించాడు. ఆ పిల్ల అంతా విని, బాణాలు ఎప్పుడొస్తాయని అడిగింది. ఆదివారం పొద్దున టీవీలో చూసే యుద్ధమొక్కటే దానికి తెలుసు. ఆ యుద్ధంలో బాణాలు ఆకాశంలో ఒకదాన్నొకటి కొట్టుకుంటాయి. ఇందులో బాణాలు లేవని తెలిశాక బంతి తీసుకుని వెళ్లిపోయింది.

ఆ సాయంత్రం ఆయన టీ తాగలేదు. గ్లాసు పక్కకు నెట్టి నాతో అన్నాడు: "నా చిన్నప్పుడు మన వీధిలో బర్మా యుద్ధానికి పొయ్యొచ్చిన ముసలాయప్ప ఉండె. ఏడాదికొకసారి కాకీ కోటు ఏసుకోని కూర్చుంటాండె. మేం ఆయప్ప పెట్టే బెల్లం తినేది, ఉరికేది. అది ఏ రోజని ఇప్పుడు నన్నడిగితే, చలికాలమో ఎండకాలమో కూడా తెల్దురా."

తన రోజు పోతే పోనీ అన్నాడు. ఆయన బాధ అది కాదు. గోస్పాడు మనిషికి పెళ్లి కాలేదు, అమ్మా నాయనా పోయారు, ఏడాదికొకసారి ఆయన్ను తలుచుకునే నోరు ఈ భూమ్మీద మా చిన్నాయనది ఒక్కటే. తన ప్లేటు ఆగిపోయిన రోజు ఆయన ప్లేటు కూడా ఆగిపోతుంది. మనుషులు వినకపోతే రాయికి చెబుతానని, యుద్ధానికి పాతికేళ్లు నిండబోతుండగా నన్ను వెంటేసుకుని ఆళ్లగడ్డ బస్సెక్కాడు.

ఆళ్లగడ్డలో శిల్పులుండే చోట నడవాలంటే దేవుళ్లను తప్పుకుంటూ నడవాలి. ఒక పక్క తొండం ఇంకా రాని వినాయకులు, ఒక పక్క కళ్లు తెరవని అమ్మవార్లు, మధ్యలో నంది వీపు మీద టీ గ్లాసులు. రాతి పొడి పడి అక్కడ మనుషులకే కాదు, కాకులకు కూడా తెల్ల జుట్టే. మేం పోయిన శిల్పి తాతలనాటి నుంచి దేవుళ్లను తప్ప ఇంకేమీ చెక్కని ఇంటివాడు. ఏ సామి, నిలబడిందా కూర్చున్నదా అని అడిగాడు. మా చిన్నాయన జేబులోంచి పటాలం మొత్తం దిగిన ఫోటో తీశాడు. అందులో సావాసగాడి మొహం ఆవగింజలో సగం. శిల్పి దాన్ని ఎండకు పట్టి, నీడకు పట్టి, చెవులు మాత్రం కనపడుతున్నాయన్నాడు. నిజమే. ఆ చెవులను చాటలుగా వాడి ఒక కల్లం జొన్నలు తూర్పార పట్టొచ్చు.

పేచీ అంతా బూట్ల దగ్గర వచ్చింది.

"బూట్లేస్తే పాదం కనపడదు కదప్పా," అన్నాడు శిల్పి.

"సిపాయి బూట్లు ఇప్పుతాడా యాడన్నా?"

"పాదం ల్యాకుంటే జనం యాడ మొక్కాల?"

"మొక్కేదానికి కాదప్పా, గుర్తు పెట్టుకునేదానికి."

శిల్పి నోట్లో వక్కాకు ఒక బుగ్గ నుంచి ఇంకో బుగ్గకు మార్చి ఆలోచించాడు. అట్లాంటి పనికి రాయి అడిగిన మనిషిని ఆయన అప్పటిదాకా చూడలేదు. సరే బూట్లే అన్నాడు.

బొమ్మ అయిందని కబురొస్తే పోయి చూశాం. బూట్లున్నాయి. లేసులున్నాయి, లేసులు దూరే బొక్కలు కూడా ఉన్నాయి. కానీ చేతికి అలవాటైన పని ఊరుకుంటుందా, తోలు మీది నుంచే కాలివేళ్లన్నీ గోళ్లతో సహా పైకి తేలి ఉన్నాయి, ఒక వేలికి మెట్టె కూడా. ఎడమ భుజాన తుపాకి. కుడిచెయ్యి ఊరికే వేలాడుతుంటే చూడలేకపోయాడట, దాన్ని ఎత్తి అభయమిప్పించాడు. తామర రేకుల కళ్లు, పెదవుల మీద చిరునవ్వు. ఈ వేళ్లేంది అని మా చిన్నాయన అడిగితే, వానలో బూట్లు తడిసి కాళ్లకు అంటుకుని ఉన్నాయనుకొమ్మన్నాడు శిల్పి. ఆ మాటకు మా చిన్నాయన ఎందుకో గొడవ ఆపేశాడు. బొమ్మ చుట్టూ తిరిగి, రాతి చెవి పట్టుకుని చూసి, "చెవులు మాత్రం ఆయప్పవే," అన్నాడు.

ట్రాక్టరు మీద నంద్యాలకు బయల్దేరాం. ఆళ్లగడ్డ నుంచి ట్రాక్టరు మీద రాతిబొమ్మ వస్తుందంటే దారిలో ఎవరికీ అనుమానం ఉండదు. శిరివెళ్ల దాటకముందే ఆడవాళ్లు బిందెలతో నీళ్లు వారపోశారు, కొబ్బరికాయలు కొట్టారు, ఎవరో తుపాకి కొనకు నిమ్మకాయ గుచ్చారు. ఈయన సామి కాదు, సిపాయి అని మా చిన్నాయన తొట్టిలో నిలబడి ఊరూరా గొంతు చించుకున్నాడు. ఎవరైతేనేం నాయనా, మంచిగా చూసుకుంటే సరి అని ఒక అవ్వ ఆయన నొసటన కూడా కుంకుమ పెట్టింది. నంద్యాల చేరేసరికి ట్రాక్టరులో ఉన్న కొబ్బరి చిప్పలతో జిల్లా మొత్తానికి ఒక పూట పచ్చడి నూరొచ్చు.

మూడు దారులు కలిసే చోట, ఆటో స్టాండు పక్కన, నడుమెత్తు దిమ్మె కట్టి నిలబెట్టాం. దిమ్మె మీద ఆయన పేరు, ఊరు, డిసెంబరు పదహారు అని చెక్కించాడు మా చిన్నాయన. ఆవిష్కరణకు నేను, చిన్నమ్మ, బేరాల్లేక కూర్చున్న ఆటోవాళ్లు హాజరయ్యాం. ఆయన ప్రసంగం మొదలుపెట్టినప్పుడు కదిలిన బస్సు కర్నూలుకు పోయి తిరిగొచ్చినా ముగియలేదు.

తర్వాతి సంగతి ఏం చెప్పాలి. కార్గిల్ యుద్ధమప్పుడు ఒక నెలరోజులు ఊరంతా వచ్చి బొమ్మ మెడ కనపడకుండా దండలేసింది, ఆ సిపాయి ఆ కొండల్లోనే పోరాడాడనుకుని. మరుసటేడు ఒక్కరూ రాలేదు, మేకలు మాత్రం పాత రుచి మరవలేక వచ్చి చూసి పోయేవి. ఇక నంద్యాల రోడ్లకు ఒక గుణం ఉంది, అవి పైకి పెరుగుతాయి. పాత రోడ్డు మీద కొత్త రోడ్డు, దాని మీద ఇంకో రోడ్డు. ముందు తేదీ మునిగింది, తర్వాత ఊరు, తర్వాత పేరు. కొన్నేళ్లకు దిమ్మె మొత్తం భూమిలోకి దిగిపోయి, సిపాయి మామూలు మనిషిలా రోడ్డు మీదికొచ్చి నిలబడ్డాడు. బూట్లకున్న వేళ్లు వంగినవాళ్లందరి చేతికీ అందాయి.

అంతే. మొదటి బేరానికి ముందు ఆటోవాళ్లు ఆ వేళ్లు తాకడం మొదలుపెట్టారు. పరీక్షల పిల్లలు వచ్చారు. తుపాకి సామి అని పేరొచ్చింది. మహానందికి కాపలా కాసేవాడని కొందరు, నల్లమలలోంచి తానే నడిచొచ్చాడని కొందరు చెప్పుకున్నారు. సొమ్ము పోయినవాళ్లు ఆదివారం తుపాకికి నిమ్మకాయ గుచ్చితే, సోమవారానికల్లా దొంగ తానే వచ్చి పోలీసుస్టేషన్ ఎటు అని దారి అడుగుతాడట.

మోకాళ్లు పట్టేసి మా చిన్నాయన ఆ రెండుమూడేళ్లు ఆ పక్కకు పోలేదు. హోటల్ నుంచి నేనే ఉగ్గాని ఇంటికి తెచ్చేవాణ్ణి. రెండువేల నాలుగో ఐదో, ఒక డిసెంబరు పదహారున పట్టుబట్టి వచ్చి చూశాడు. సావాసగాడి మొహానికి అరచేతి మందాన పసుపు. రాసిన పేరు లేదు. చూసి, నేరుగా పోయి ట్రాక్టరు మాట్లాడుకొచ్చాడు, బొమ్మను పెరికి ఇంటికి తీసుకుపోవడానికి.

ఆటోలు అడ్డం నిలిచాయి. స్టాండుకు పెద్ద ఒక సాయిబు, నెమ్మదైన మనిషి. ఆయన ముందుకొచ్చాడు.

"యాడికి ఎత్తకపోతాండావు పెద్దాయనా మా సామిని?"

"సామి యాడిదిరా? నా సావాసగాడు వాడు."

డ్రైవర్లు నవ్వారు. ఆ నవ్వుకు మా చిన్నాయనకు రేగింది. నడిరోడ్డు మీద నిలబడి, పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి, నెయ్యి వేసుకోకుండా ఆ కథ చెప్పాడు. ట్యాంకు ఒకటే. సావాసగాడు గురక పెడితే శత్రువుకు వినబడుతుందని వంతులేసుకుని ముక్కు మూసేవాళ్లట. పేకాటలో తొండి ఆడేవాడట. ఉల్లిగడ్డ లేకుండా బజ్జి తిననని, పటాలం వంటవాడితో మాటలు మానేశాడట. ఒక వాన రాత్రి మా చిన్నాయనకు చలిజ్వరం వస్తే, తన సంచిలో ఉన్న పొడి మేజోళ్లు తీసి ఈయన కాళ్లకు తొడిగి, తాను వట్టి తడి బూట్లతో కాపలాకు పోయాడు. ఆ పోవడం పోవడమే.

నవ్వు ఎప్పుడాగిందో నేను గమనించలేదు. సాయిబు, "ఇన్నాళ్లూ ఈ మాట యాడ పెట్టుకున్న్యావ్ పెద్దాయనా?" అన్నాడు.

ఏటేటా చెబుతూనే ఉన్నాడని, ట్యాంకుల కింద పడి కనపడలేదని నేను చెప్పలేదు. దిమ్మె మీద రాసుందని మాత్రం చెప్పాను. రెండు గడ్డపారలు వచ్చాయి. రోడ్డు పొర మీద పొర లేచింది. పేరు వచ్చింది, ఊరు వచ్చింది, చివర్న తేదీ. సాయిబు మట్టి తుడిచి దాన్ని పైకి చదివాడు.

"ఈ పొద్దే కదన్నా. అయితే ఈ పొద్దు సామి పండగ."

"సామి కాదురా," అన్నాడు మా చిన్నాయన.

"సరే, సిపాయే. నేను మొక్కేది ల్యా పెద్దాయనా, దినామూ సలాం కొడతాండా. సిపాయికి సలామే కదా. ఇంతకీ ఆయప్పకు తినేదానికి ఏమిష్టం?"

ఇంకేముంది. అరగంటలో నంద్యాల హోటళ్లలో ఉగ్గాని అయిపోయింది. ఒక గంటలో ఊళ్లో బొరుగులు అయిపోయాయి. మధ్యాహ్నానికి పగిడ్యాల దాకా బొరుగుల బట్టీలన్నీ చల్లబడ్డాయని నేను చెబితే మీరు నమ్మక్కర్లేదు, కానీ నెయ్యి లేకుండా నాకు ముద్ద దిగదు. బొమ్మను ఎత్తుకుపోవడానికి వచ్చిన ట్రాక్టరు మీదే ఉగ్గాని వండే గుండిగలు వచ్చాయి. దిమ్మె చుట్టూ గుంట పూడ్చకుండా రాళ్లు పేర్చి కట్టేశారు. పేరు ఇప్పుడు అందరికీ కనపడుతుంది. నేనిక్కడ రాయను, వచ్చి చదువుకోండి.

అప్పటినుంచి ఏటా ఆ రోజు స్టాండులో ఉగ్గాని. ఏ యుద్ధమని అడిగితే ఎవరూ సరిగ్గా చెప్పలేరు, పెద్ద యుద్ధమంటారు. మూడునాలుగేళ్ల తర్వాత ఒక డిసెంబరు పదహారు పొద్దున, నేనూ చిన్నాయనా హోటల్‌కు పోవడానికి ఆటో ఎక్కాం. స్టాండులో గుండిగలు ఇంకా పొయ్యి మీదే ఉన్నాయి. డ్రైవరు కొత్తవాడు, మేమెవరో తెలియదు. బొమ్మ ముందుకు రాగానే హ్యాండిలు వదిలి సలాం కొట్టాడు. ఆటో అటు రెండు మూరలు పోయింది, మా ప్రాణాలు నాలుగు మూరలు పోయాయి.

ఎవరప్పా ఆ బొమ్మ అని మా చిన్నాయన ఏమీ ఎరగనట్టు అడిగాడు.

"గోస్పాడు పక్క మనిషి పెద్దాయనా. చెవులు చూసినావా? ఆయప్ప గురక పెడితే శత్రువులు వానొస్తాదని గొడుగులు తీస్తాండ్రంట. పేకాటలో తొండి. ఉల్లిగడ్డ ల్యాని బజ్జి పెడితే ఆ పొద్దు ఆటో స్టార్టు కాదు, నాకే అయింది. సావాసగాడు జొరంతో ఉంటే తన మేజోళ్లు వానికిచ్చి, తడి బూట్లతో పాయ. అందుకే చూడు, బూట్లలోంచి వేళ్లు కనపడతాండేది."

"ఆ సావాసగాడు ఎవరు?" అన్నాను నేను.

"యాడో ఉండె అంట. వాని పేరు యాడా రాయల్యా."

నేను నోరు తెరవబోయాను. మా చిన్నాయన నా తొడ మీద గిల్లిన గిల్లుడుకు తొడలో కండ సగం ఆయన గోళ్లలోకి పోయింది. మొహం చూస్తే వెయ్యి దీపాలు. ముందుకు వంగి డ్రైవరును అడిగాడు.

"ట్యాంకులెన్నొచ్చినాయంట?"

"ఒకటే అంట పెద్దాయనా."

మా చిన్నాయన రోడ్డు వైపు చూస్తూ ఆలోచించాడు. "ఇంకొకటి కలుపుకో," అన్నాడు.

హోటల్లో ఆ రోజు ఆయన తనకు ఒక్క ప్లేటే చెప్పాడు. సావాసగాడిది స్టాండులో పొయ్యి మీద ఉంది కదా. నేను నాకొకటి చెప్పుకున్నాను. తన ప్లేటు తినేసి, నా ప్లేటు కూడా లాక్కుని తిన్నాడు. ఎవరి తరఫునో చెప్పలేదు.