ఓడ మీది జెండాలో చక్రం

కోల్‌కతా కిదిర్‌పూర్ డాక్‌లో నాది టాలీ పని. ఓడలోంచి దిగిన సరుకు చూసి రాసుకోవడం. మా తాత శ్రీకాకుళం వైపు నుంచి బస్తాలు మొయ్యడానికి వచ్చాడు, మా నాన్న క్రేన్ కింద చేశాడు, నేను కలం పట్టుకున్నాను. పుట్టినప్పటి నుంచీ ఓడల్ని చూస్తున్నా వాటి జెండాల మీద నాకు మోజు తీరలేదు. వెనకవైపు ఎగిరేది ఓడ ఏ దేశపు లెక్కలో ఉందో చెప్పే జెండా. ముందు స్తంభం మీద ఒక పక్కన ఎగిరేది మాత్రం ఎప్పుడూ మనదే. చిన్నప్పుడు నాన్నని అడిగాను, పరాయి ఓడ మీద మన జెండా ఎందుకని.

"మనింటికి ఎవులైనా వస్తే గుమ్మం కాడ చెప్పులు విడవరా? ఇదీ అంతే. ఏ రేవుకి వస్తే ఆ దేశం జెండా కట్టాల" అన్నాడు.

కిందటి చలికాలంలో ఒక దుంగల ఓడ వచ్చింది. వెనక పనామా జెండా, పనివాళ్ళు ఫిలిప్పీన్స్ వాళ్ళు. పొద్దున్నే మా సర్దార్ నా భుజం తట్టాడు. సర్దార్ అంటే దుంగలు దించే గ్యాంగుకి పెద్ద. మా ఊరి వైపువాడే, నాకు బావ వరస.

"బావా, పైకి చూడు. ఏటది?"

చూశాను. మన జెండా ఎగురుతోంది. ఆకుపచ్చ పైన, కాషాయం కింద.

అప్పటికే గ్యాంగులో కుర్రాళ్ళు ఫోన్లు పైకెత్తి వీడియో తీస్తున్నారు. "కావాలనే కట్టారు దాదా, ఇది అవమానం" అన్నాడొకడు హిందీలో. సర్దార్ పని ఆపించేశాడు. "నీకు నాలుగు ఇంగ్లీషు ముక్కలొచ్చు కదా, ఎక్కి అడిగి రా. తిన్నగా కట్టీవరకూ దుంగ కదలదు" అన్నాడు.

నిచ్చెన ఎక్కి పైకి వెళ్ళాను. నా ఎదురుగా వచ్చింది ఒక ఆడ ఆఫీసరు. ముప్పై దాటి ఉండవు. నేను వేలెత్తి చూపించాను. ఆమె తల పైకెత్తి చూసింది, ముఖం పాలిపోయింది. "సారీ సర్, సారీ. రాత్రి గాలికి తాడు తెగింది. పొద్దున చీకట్లో మళ్ళీ కట్టారు" అంటూ తనే పరుగెత్తి తాడు విప్పింది. జెండా కిందికి వస్తుంటే ఇనప నేలకి తగలకుండా రెండు చేతుల్లోకి తీసుకుని భుజం మీద వేసుకుంది. ఆ పద్ధతి చూశాక నా కోపం సగం దిగిపోయింది.

తిప్పి కట్టబోతూ బట్ట విప్పి పట్టుకుంది. అప్పుడు కనిపించింది నాకు. మధ్యలో ఉన్నది మన చక్రం కాదు. ఎనిమిది ఆకులు, ఒక్కో ఆకూ అంచు దాటి బయటికి పొడుచుకొచ్చి చివర గుండ్రటి పిడి. ఓడ చుక్కానిని తిప్పే చక్రం! నీలం దారంతో ఎంతో శ్రద్ధగా కుట్టారు.

"ఇదెవరు చేశారు?" అన్నాను, నవ్వాలో వద్దో తెలియక.

ఆమె వంటవాణ్ణి పిలిచింది. పొట్టిగా, నెరిసిన జుట్టుతో ఒకాయన ఏప్రన్‌కి చేతులు తుడుచుకుంటూ వచ్చాడు. ఆమె చెప్పింది: వాళ్ళు వెళ్ళాల్సింది వేరే రేవుకి. సముద్రం మధ్యలో ఉండగా కోల్‌కతా వెళ్ళమని కబురొచ్చింది. పెట్టెలో ఇన్ని దేశాల జెండాలున్నాయి, ఇండియాది లేదు. వంటాయన వయసులో ఉన్నప్పుడు దర్జీ. ఎవరి దగ్గరో వేలెడంత బొమ్మ ఉంటే అది చూసి కుట్టాడు. కాషాయం పనివాళ్ళ నారింజ రంగు డ్రెస్సులోది, తెలుపు దుప్పటిది, ఆకుపచ్చ భోజనాల గది కర్టెన్‌ది. బొమ్మలో చక్రం చిన్న చుక్కంత ఉంది. ఓడవాడికి చక్రం అంటే ఏం గుర్తొస్తుంది?

ఇంతలో సర్దార్ కూడా ఎక్కి వచ్చాడు. సంగతంతా చెప్పాను. జెండా దగ్గరగా చూశాడు, నారింజ గుడ్డ వేళ్ళ మధ్య నలిపి చూశాడు. వంటాయన చేతులు కట్టుకుని నిలబడ్డాడు. సర్దార్ రెయిలింగు దగ్గరికి వెళ్ళి కిందికి అరిచాడు: "ఫోన్లు జేబులో పెట్టండ్రా! తీసినవి చెరిపీండి. ఇక్కడెవులూ మనల్ని ఏమీ అనలేదు."

పని మొదలైంది. కానీ జెండా సంగతి తేలలేదు. తప్పు చక్రంతో కట్టనని ఆఫీసరు అంది. కట్టకపోతే అదీ మర్యాద కాదు. నేను మంచిది తెస్తానన్నాను. ఆమె ఆ జెండాని నాకిచ్చి, "ఇది మీది. దీన్ని ఏం చెయ్యాలో మాకు తెలియదు" అంది. నిజానికి నాకూ తెలియదు.

టిఫిను డబ్బా ఉన్న సంచిలో దాన్ని పెట్టబుద్ధి కాలేదు. మడిచి చేతిలోనే పట్టుకున్నాను. గేటు దగ్గర గార్డు ఆపి, "ఓడ సామానా?" అన్నాడు. విప్పి చూపించాను. ఆయన కర్ర పక్కన పెట్టి, పరేడ్‌లో నేర్పారంటూ, కాషాయమూ ఆకుపచ్చా తెలుపు కిందికి పోయేలా మడిచి, చక్రం పైకి వచ్చాక రెండు అరచేతుల మీద నాకు అందించాడు. అందించాకే చక్రాన్ని సరిగ్గా చూశాడు. "ఎ కీ?" అన్నాడు, ఇదేంటని బెంగాలీలో. ఆటో వెళ్ళిపోతుందని చెప్పి తప్పించుకున్నాను.

మా ఇల్లు డాక్‌కి దగ్గర్లోనే, దర్జీలుండే మెటియాబ్రుజ్‌లో. మా ఆవిడ ఇంటి వెనక కార్ఖానాలో బట్టలు కుడుతుంది. జెండా చూడగానే తిరగేసి కుట్లు చూసింది.

"ఎవులు కుట్టినారో గానీ చెయ్యి మంచిది మావా. అంచు ఎక్కడా లేవలేదు. ఈ చక్రం ఏటి, చివర పిడులు పెట్టినట్టుంది?"

సంగతి చెప్పాను. పడీ పడీ నవ్వింది. "పోనీ, అసలు మన జెండాలో చక్రం దేనిదీ?" అంది. రాట్నానిదని నేను ఎక్కడో విన్నాను. ఆవిడేమో జగన్నాథుడి రథానిదని ఇన్నాళ్ళూ అనుకుంటోందట. ఇద్దరం కార్ఖానాకి వెళితే అక్కడి పెద్ద దర్జీ ఉస్తాద్ కళ్ళద్దాలు పైకి తోసి, "మెషీన్ చక్రం కాదూ?" అన్నాడు. కుట్టు మెషీన్లు నడిపేవాడు మరి.

ఫోన్ తీసి చదివాను. అశోకుడి ధర్మచక్రం, ఇరవై నాలుగు ఆకులు. మొదట రాట్నమే ఉండేదట. రాట్నం ఒకవైపు నుంచి సరిగ్గా, రెండో వైపు నుంచి తిరగబడి కనిపిస్తుంది, చక్రమైతే ఎటు చూసినా ఒకటే. అది వినగానే మా ఆవిడ, "అవును కదా! రెండువేపులా కనపడే గుడ్డ మీద ఒకేపు బొమ్మ వేస్తే ఎలాగ?" అంది, ఎవరో తన మనసులో మాట చెప్పినట్టు. ఇన్నేళ్ళుగా రోజూ ఈ జెండాల కింద తిరుగుతున్నాను. ఈ ముక్క ఒక్కసారి కూడా నాకు తట్టలేదు.

జనవరి పోయాక జెండాలు ఎక్కడ దొరుకుతాయి, ఆగస్టులో రమ్మన్నాయి దుకాణాలన్నీ. చివరికి ఉస్తాదే గుడ్డలు తీశాడు. పొడవు వెడల్పుల లెక్క ఫోన్లో చూసి నేను చెబుతుంటే ఆవిడ కత్తిరించింది. చక్రం ఎంబ్రాయిడరీ ఉస్తాద్ వేశాడు, రెండో వైపు చూస్తే అచ్చం మొదటి వైపులాగే ఉంది. ఓడ జెండాలో చక్రం విప్పి మళ్ళీ కుట్టొచ్చు కదా అన్నాను.

"వొద్దు. ఆ మనిషి తెలిసినంత మట్టుకు మనసు పెట్టి కుట్టినాడు. నేను విప్పను" అంది ఆవిడ.

మర్నాడు కొత్త జెండా ఎక్కింది. ఆఫీసరు తాడు లాగుతుంటే కింద గ్యాంగు మొత్తం ఊరికే నిలబడింది, ఎవరూ చెప్పకుండానే. సర్దార్ తలపాగా విప్పి చేతిలో పట్టుకున్నాడు. కాషాయం పైన ఉందో లేదో అని మాత్రం అందరూ మెడలు చాచి చూశారు.

పాతదాని సంగతి మిగిలింది. చక్రం తప్పైతే అది మన జెండానా కాదా? ఇదే నాకు పట్టుకుంది. సర్దార్‌ని అడిగితే, "స్తంభం మీద ఎగిరింది, మన పేరు మీద ఎగిరింది. ఇంకా కాదంటే ఎలా?" అన్నాడు. పనికిరాని జెండాని చెత్తలో వెయ్యకూడదని, ముక్కలు చెయ్యకుండా నిండుగా, నలుగురి కంటా పడకుండా మర్యాదగా కాల్చేస్తే మంచిదని చదివాను. దుంగల ఓడ మీద నిప్పు ఊసే ఎత్తకూడదు. అందుకని ఆఫీసరుతో, వంటాయన్ని ఆదివారం మా ఇంటికి పంపమన్నాను. ఆయన కుట్టాడు, ఆయన ఉంటే బాగుంటుందనిపించింది.

వచ్చాడు. ఇస్త్రీ చొక్కా వేసుకుని, చేతిలో బిస్కెట్ల డబ్బాతో. మా ఆవిడకీ ఆయనకీ ఒక్క భాష కలవదు. అయినా పది నిమిషాల్లో ఇద్దరూ మెషీన్ ముందు కూర్చున్నారు. ఆయన అంచు మడత ఎలా తిప్పాడో చూపించాడు, ఈవిడ తన పద్ధతి చూపించింది. ఇరవై నాలుగు ఆకుల చక్రం గుడ్డ ముక్క మీద వేసి చూపిస్తే ఆయన వేలితో ఒక్కొక్కటీ తడిమి, తల కొట్టుకుని నవ్వాడు.

మేడ మీద కుంపట్లో బొగ్గులు వేశాం. ఆయన జెండాని తనే మడిచి రెండు చేతులతో పెట్టాడు. డ్రెస్సు గుడ్డ అంత తేలిగ్గా అంటుకోలేదు, చాలాసేపు నల్లగా ముడుచుకుంది, ఘాటు వాసన వేసింది. ఆయన ఏదో పెదవులు కదిపాడు. ప్రార్థన కావచ్చు. మా ఆవిడ కళ్ళు తుడుచుకుంటే పొగకేమో అనుకున్నాను, అడగలేదు.

అన్నం, చేపల పులుసు తిన్నాక బూడిద పొట్లం కట్టి ముగ్గురం నది ఘాట్‌కి నడిచాం. ఎండ ఇంకా ఉంది. మెట్ల మీద ఎవరో బట్టలు ఉతుకుతున్నారు. ఆయన ప్యాంటు పైకి మడిచి నీళ్ళలోకి దిగి పొట్లం విప్పి బూడిద వదిలాడు, చేతులు కడుక్కున్నాడు. తర్వాత నావైపు తిరిగి ఈ నీళ్ళు సముద్రానికి ఎటు పోతాయని సైగ చేశాడు. నేను దక్షిణం వైపు చూపించాను.