అక్కకు పోసిన చాయ్

మొన్న వికారాబాద్ ఆసుపత్రిలో మా అక్క బిడ్డకు కాన్పు నొప్పులు మొదలైనప్పుడు మత్తు డాక్టరమ్మ దాన్ని మంచం అంచున కూర్చోబెట్టి, వీపు వంచి కదలకుండా పట్టుకోమని నాకు చెప్పి, నడుములో సూది గుచ్చి, వెన్నుపాము పొరకు బయటనున్న సందులోకి దారమంత సన్నటి గొట్టం జార్చి, సూది తీసేసి గొట్టాన్ని వీపుకు అంటించింది. మందు కొంచెం కొంచెంగా పోతుంటే కాసేపటికే పిల్ల మొహం తేటపడింది. దీన్నే ఎపిడ్యూరల్ అంటారు. తెలివి తెలివిగానే ఉంటుంది, నొప్పి మాత్రం అణగిపోతుంది, అవసరమైతే అదే గొట్టంలో మందు పెంచి ఆపరేషన్ కూడా చేసేస్తారు. నర్సుగానే బతుకంతా గడిపిన నాకు ఇదేం కొత్త కాదు, అయినా ఆ గొట్టం చూస్తే అక్కే గుర్తొచ్చింది.

తాండూరులో ఒక చిన్న ఆసుపత్రిలో నేను కొత్తగా చేరిన రోజుల్లో అక్క అక్కడికే కాన్పుకు వచ్చింది. బీపీ ఎక్కువగా ఉందని, వికారాబాద్ నుంచి రైల్లో వచ్చిన మత్తు డాక్టరు ముందే ఈ గొట్టం వేసి ఉంచుతానన్నాడు. అక్క నాపరాళ్ల పాలిష్ పనికి పోయేది. "నడుము పోతే బండలెట్ల లేపుత? నాకొద్దు" అంది. నడుము పోదని నాకు తెలుసు, చదువుకున్నదాన్ని, నచ్చజెప్పాల్సింది. పెద్దదాని మాటకు ఎదురాడే అలవాటు లేక ఊరుకున్నాను.

అంతటితో ఆగినా బాగుండేది. కాన్పయ్యేదాకా ఏమీ పెట్టొద్దని అందరి చుట్టాలనూ కసిరేదాన్ని నేనే, అక్క "జర చాయ్ పొయ్యవే, పానం ఆగుతలేదు" అని బతిమాలితే మనసొప్పక, పాల చాయ్‌లో సగం జొన్నరొట్టె నానబెట్టి తినిపించాను. గంట తిరక్కముందే కడుపులో బిడ్డ గుండె చప్పుడు తగ్గిపోయింది. గొట్టం వేసి లేదు, ఇప్పుడు వేసేంత వ్యవధీ లేదు, పూర్తి మత్తిచ్చి కోయాలన్నారు. తిని ఉంటే మత్తుకు ముందే జాగ్రత్త పడాలి, ఏమన్నా తిన్నదా అని డాక్టరు నన్నే అడిగాడు. ఉద్యోగం పోతుందని భయపడి, లేదు సార్ అన్నాను. అక్క నా వైపు చూసింది, నోరు మాత్రం తెరవలేదు. మత్తులో ఉండగా ఆ తిన్నదే వాంతై ఊపిరితిత్తుల్లోకి పోయింది. బిడ్డ దక్కింది, అక్క మూడోనాడు పోయింది.

ఆ బిడ్డను నేనే పెంచాను. మొన్న నొప్పి తగ్గాక అది నా చెయ్యి పట్టుకుని, "చిన్నమ్మా, మా అమ్మప్పుడు గీ సూది లేకుండెనా?" అని అడిగింది. ఉండె, వద్దన్నది అన్నాను.

నా ఈడువాళ్లు కనుక మీకు చెప్పుకుంటున్నాను. నొప్పి పడితేనే తల్లి అనేవాళ్లు తగ్గిపోయారు, సూదికి భయపడే ఆడపిల్లలూ తగ్గారు, ఆ తాండూరు ఆసుపత్రి ఉన్నచోట ఇప్పుడు బట్టల దుకాణం ఉంది. ఇన్ని మారాయి కానీ, ఆనాడు డాక్టరుకు చెప్పిన జవాబు నేను ఇంకా మార్చలేదు.